తట్టుకునుడు

జడ్చర్లల పల్లికాయ మిల్లు ఎనుక
రేకుల షెడ్డుల నా కొలువు.
కంప్యూటర్ కడుపుల ఉండే కరెంటు డబ్బాలను
పొద్దంత బెదిరిచ్చుడు నా పని.

ముందుగల లబ్బరు పట్టా మీద నిలబడాలె.
గాజులు తీసి టిఫిన్ డబ్బల ఏయాలె.
ఫేసును, న్యూట్రల్‌ను ఒక్క ముడేసి ఎర్ర క్లిప్పు,
ఇనుప పెట్టెకు నల్ల క్లిప్పు.
రెండు చేతులు రెండు బటన్ల మీద పెడితెనే
మిషన్‌కు కోపమొస్తది.
ఒక చెయ్యి ఖాళీగ ఉంటె అది ఏడికి పోతదో
మనుషుల నెరిగినోడెవడో ముందే చేసిన ఏర్పాటు.

గోడకు వచ్చేది రెండు వందల ముప్పై,
మేము పెట్టేది పదిహేను వందలు.
“గంత ఎందుకక్కా?” అనడిగింది
కొత్తగ చేరిన శివలీల.
పిడుగు చెప్పి రాదు గద బిడ్డా, అన్న.
నాకూ ఎవరో అట్లనే చెప్పిన్రు.

పాసైనదానికి చప్పుడుండదు.
ఏం కాకపోవుడే దాని గొప్ప.
ఆ ఏం కాకపోవుడును
రోజుకు మూడు వందల సార్లు రిజిస్టర్ల రాస్త.

ఫెయిలైంది మాట్లాడ్తది.
పెనం మీద ఆవగింజ తీరు ‘చిట్’మంటది,
ఎర్ర లైటు ఎలుగుతది,
ఎనుకనే వానకు ముందుటి గాలి వాసన.
మా దిక్కు మబ్బు మొఖం చాటేసిన ఏండ్లల్ల గుడ
ఆ వాసన నాకు కరువు కాలే.

నిరుడు ఎండకాలం ఒక లాటు వచ్చింది.
‘చిట్’మన్నదాన్ని బ్లేడుతోని కోసి చూసిన:
కరెంటు చుట్టకూ, మనిషి ముట్టే దిక్కు చుట్టకూ నడుమ
పసుపు టేపు మూడు పొరలుండాలె,
రెండే ఉన్నయ్.
మూడో పొర ఎవరి జేబులకు పోయిందో.

బయట లారీ స్టార్టుల ఉన్నది.
“ఇంకోపాలి పెట్టి చూడు” అన్నడు మొయిజ్ సారు.
అదే లాటుల ఇంకొకదాన్ని పెట్టిన, పాసైంది.
“చూసినవా? అన్నీ ఇంకోపాలి పెట్టు” అన్నడు.

సారూ,
తట్టుకున్న దెబ్బ ఏడికీ పోదు.
పొరల సందుల ఎంట్రుకంత నల్ల గీతయి
పండుకోని ఉంటది.
రెండోపాలి పెట్టవలసొస్తె వోల్టేజి తగ్గియ్యాలెనని
మిషన్ ఎంట వచ్చిన పుస్తకంలనే ఉన్నది.

మా అక్క బాలమణికి అట్లాంటి పుస్తకం లేదు.
బొంబాయిల తట్ట మోసింది,
పురుడై నెల నిండకముందే మళ్ల మోసింది.
మేస్త్రి అన్నదీ, బావ అన్నదీ, మేమన్నదీ ఒక్కటే మాట:
అది తట్టుకుంటదిలే.

ఆ డబ్బాలు అమ్రాబాద్ హాస్టల్ బడికి పోవాలె.
నేను ఆ బడి చూడలే.
కాని పొద్దుగాల బండలు కడుగుతరు గద,
పిల్లలు చెప్పులు గడప బయట ఇడుస్తరు గద,
తడి కాళ్లతోని ఒక పిల్ల
కంప్యూటర్ బటను కోసం ఏలు చాపుతది గద.
ఆ ఏలు దాంక చూసిన.

పచ్చ స్టిక్కర్ల చుట్టను
టేబుల్ సొరుగుల పెట్టి తాళమేసిన.
మొయిజ్ సారు నా మొఖం దిక్కు చూసిండు,
లోపట ఎంత కరెంటు కారుతున్నదో
లెక్క కట్టినట్టు.
లారీ ఖాళీగ పోయింది.
ఆ నెల నా ఓటీ గుడ పోయింది.

ఇంకో సంగతి చెప్పలే.
షెడ్డు ఎనుక ఎర్తు గుంత ఉన్నది,
లోపట ఉప్పూ, బొగ్గూ, ఒక రాగి కడ్డీ.
మాకు తాగనీకి రెండొద్దులకోపాలి ట్యాంకరొస్తది.
అయినా రోజూ పొద్దూకినంక
వాచ్‌మన్ సాయన్న రెండు బకిట్లు ఆ గుంతల పోస్తడు.
“ఎండిన భూమి దేన్నీ తీసుకోదు” అంటడు.

నేను గాజులేసుకుంట నిలబడి చూస్త.
నీళ్లు గుటగుట దిగుతయి.
బస్సు హారన్ కొట్టేదాంక
నా చేతులు ఇంకా ఆ రెండు బటన్ల ఎడంలనే ఉంటయి.