పద్నాలుగో మంచం

అక్టోబరు. గ్లాస్గో. బకెట్లో గొడుగులు కారుతున్నాయి.
ఆలస్యంగా వచ్చి ఏదో కుంటిసాకు చెప్పబోయి
ఆ మాటను సగంలోనే మింగేశాను.
ఈ తరగతిలో చేరాక
నా నోట్లో ఎన్ని మాటలకు చోటు లేకుండా పోయిందో!

నాకు నత్తి. ఇక్కడ ఎవరూ
నా వాక్యాన్ని లాక్కుని పూర్తి చేయరు.
మెక్వారీ మేడం చక్రాల కుర్చీలో వెనక్కి వాలి
కెటిల్ మరిగేదాకా ఆగినట్టు ఆగుతారు.

నాలుగో వారం పాఠం:
ఊరి బయట ఎప్పుడో మూసేసిన శరణాలయం తాలూకు
రాత్రి రిజిస్టరు. జిరాక్సు కాగితాలు.
"మంచం 14. కేకలు. మందు ఇచ్చాం. 2.10."
"మంచం 14. కేకలు. మందు ఇచ్చాం. 3.40."
పసుపు గీతలు గీశాం.
అధికారం అన్నాం, వైద్యుల చూపు అన్నాం,
డంకన్ ఇంకా పెద్ద మాటేదో అన్నాడు.

అరవై రెండేళ్ల ఎఫీ గెడ్డెస్,
మాతో పాటే మొదటి సంవత్సరం,
కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని
"ఈ చేతిరాత నాది" అంది.

హీటరు గొట్టంలో నీళ్లు గుడగుడలాడాయి.

"పంతొమ్మిదేళ్లు నాకు. రాత్రి డ్యూటీకి వారానికి రెండు పౌండ్లు ఎక్కువ.
ఆమె పేరు ఐసొబెల్. కేకలు కావు అవి.
గుండీలు లెక్కపెట్టేది, దుప్పటి కింద, గట్టిగా.
ఇరవై ఏడు దగ్గర తప్పిపోయి మళ్లీ ఒకటి నుంచి.
రిజిస్టరులో గుండీలకు గడి లేదు."

క్షమించమని అడగలేదు ఆమె.
క్షమించడానికి మేమెవరం?
మేడం ఒక్కటే అడిగారు:
"ఇరవై ఎనిమిది ఎప్పుడైనా అందా?"
ఎఫీ చాలాసేపు ఆలోచించింది.
"నా సెలవు రాత్రుల్లో అనేదేమో. తెలీదు."

తర్వాత లిఫ్టు ముందు అడిగాను, ఎందుకు చేరావని.
"పింఛను వచ్చింది, మోకాళ్లు అరిగాయి,
ఇక్కడ ఆగి ఉండటం నేర్చుకుంటున్నా" అంది,
మీట మరోసారి నొక్కుతూ.

వ్యాసానికి గడువు శుక్రవారం.
బల్లకు అటువైపు కూర్చున్న జ్ఞాపకాన్ని
ఆధారాల పట్టికలో ఎలా చూపాలి?
ప్రచురణ సంవత్సరం ఏం వేయాలి?
పెన్సిలుతో అంచున పేరు రాశాను.
లైబ్రరీ మూడో అంతస్తు, ఎవరూ లేరు.
ఐ, ఐ, ఐ, అన్నాను పైకే.
అచ్చుల దగ్గర ఎప్పుడూ తడబడతాను.
ఆగి, ఊపిరి తీసుకుని
మళ్లీ మొదటి నుంచి.