మూడు వేళ్ల సందు

చిట్టీ ఎత్తిన పైసలు ఒక్క జీనుకే సరిపోతయి.
దుంకుడుకొకటి, డ్రెస్సాజ్‌కొకటి
కొనేటోళ్లు వేరే ఉంటరు.
నాకున్నది గవ్వ ఒక్కతే,
హైదరాబాదు పందేలల్ల ఓడీ ఓడీ
లారీ ఎక్కి కాజీపేట చేరిన ఎర్ర గుర్రం.

మూతపడ్డ జిన్నింగు మిల్లు వెనుక మా మైదానం.
నూనె డబ్బాల మీద సున్నంతో అక్షరాలు రాసిన
ఎ, కె, ఇ, హెచ్...
ఆ వరుస అట్లెందుకుంటదో అడిగితే ఎవ్వరూ చెప్పలే.
సోమవారం ఆ డబ్బాల నడుమ
మెడ వంచి, అడుగులు లెక్కపెట్టుకుంట నడుస్తది.
గురువారం అవే డబ్బాల మీద
ప్లాస్టిక్ పైపులు పెడతం,
అక్షరాల మీదికెల్లి దుంకిపోతది.

మండిబజార్ల మదార్ తాత కొట్టు.
కింద బ్యాగుల జిప్పులు, చినిగిన క్రికెట్ ప్యాడ్లు,
అటక మీద రంగు వెలిసిన మఖ్మల్ జీనులు.
"ఇవి బరాతు గుర్రాలయి బిడ్డా.
పెండ్లిపిల్లగాని నడుము కొలిచి కుట్టిన.
గుర్రాన్ని ఎవడు కొలిచిండు,
రెండు గంటల సంబురానికి!"

మరునాడు ఆటోల మూడు జీనులేసుకొని తనే వచ్చిండు.
కరెంటు తీగె గవ్వ మూపు మీద పెట్టి వంచిండు,
వంచిన తీగెను పాత పేపరు మీద ఆనించి పెన్సిలుతో గీసిండు.
ఏనుమాముల మిర్చి ధరల మీద
నా గుర్రం వెన్ను, చిన్న గుట్ట లెక్క.

మొదటిది లోతు సీటు, రెక్కలు నిటారు.
కూసుంటే నడుము తనంతట తనే నిలబడ్డది.
పైపు దాటంగ మోకాలు మాత్రం
రెక్క అంచు దాటి గాలిల వేలాడింది.
రెండోది ముందుకు చాచిన రెక్కలు, చదును సీటు.
దుంకితే... ఏం చెప్పాలె, నాకు బరువే లేదు.
దుడుకు నడకకొచ్చేసరికి
పళ్లెంల పల్లిగింజ లెక్క జారిన.
అయినా అదే కావాలన్న.

"నిన్నడగలే," అన్నడు తాత.
పొట్టపట్టీ విప్పి జీను లేపిండు.
వీపంతా చెమటతో నల్లగ మెరుస్తుంది,
మూపుకు రెండు దిక్కుల మాత్రం
రూపాయి బిళ్లంత పొడి.
"చెమట పట్టని తావునే ఒత్తుడు.
అది నోరు తెరిచి చెప్పదు.
ఓ నాడు పైపు ముంగట ఆగిపోతది,
నువ్వు మొండిదంటవు."

ఓడీ ఓడీ వచ్చిందని దాన్ని నేను కూడా
ఎన్నిసార్లన్ననో.

మూడోది అతుకులది. మోకాలి కాడ వేరే తోలు.
రెక్క కొంచెం ముందుకు, సీటు కొంచెం లోతు.
"వేళ్లు పెట్టు."
కమాను కింద మూడు వేళ్లు పట్టినయి.
"వంగి చూడు, ఈ కొస నుంచి ఆ కొసకు
వెలుతురు రావాలె."
వంగి చూసిన. వెన్ను మీది ఆ సన్న సొరంగంల
గూడ్సు బండి పోతుంది,
ఒక్కో పెట్టె, ఒక్కో పెట్టె, బొగ్గు.

లోపలి ఉన్ని గడ్డలు కట్టింది.
ధర్మసాగరం ఐలవ్వ దగ్గర
గొర్రెపిల్లల తొలి కత్తెర ఉన్ని తెచ్చిన.
తాత నాలుగు రోజులు దూరుస్తనే ఉన్నడు,
పొడుగు ఇనుప పుల్లతో, చెవి దగ్గర పెట్టుకొని,
ఏదో వింటున్నట్టు.
కిందికి కొత్తవాడ జంపఖానా మడత.
పేర్లనే జంపు ఉందని బడిపిల్లలు నవ్విండ్రు.

ఇప్పుడు గురువారం రికాబు మూడు తూట్లు పైకి,
సోమవారం మూడు కిందికి.
దుంకేటప్పుడు కాలు రవ్వంత వెనుకబడతది,
నడిచేటప్పుడు రవ్వంత ముందుంటది.
జడ్జి అర మార్కు కోస్తడు, కోయనీ.
పొద్దున ఈల ఊదే పీఈటీ టీచర్ని,
ఓట్లప్పుడు బూత్ డ్యూటీ, ఎండల జనాభా లెక్కలు,
మధ్యాహ్నం గుడ్లు లెక్కబెట్టుడు.
నా వీపు మీద తీగె వంచినోళ్లు లేరు.

నిన్న పొద్దుగూకినంక జీను దించిన.
రెండు అరచేతులు ఆనించినట్టు సమంగ తడి.
ఎడమ దిక్కు
గోరంత పొడి.

ఇయ్యాల శుక్రవారం, తాత నమాజుకు పోయిండు.
షట్టరు ముందు మెట్టు మీద కూసున్న,
జీను ఒళ్లె పెట్టుకొని,
పుల్ల పట్టేంత సందు ఎక్కడుందో
వేలుతో వెతుక్కుంట.