నాలుగు వేళ్ళ ఎడం

ఆదివారం చిక్కపేటలో నా కళ్ళజోళ్ళ దుకాణానికి తాళమేసి
కనకపుర రోడ్డు పట్టాను.
వెనక సీట్లో పొడుగాటి నల్ల పెట్టె.
సిగ్నల్ దగ్గర ఆటో అతను తొంగిచూసి
"వీణా అమ్మా?" అన్నాడు.
ఊఁ అన్నాను.

అమ్మినవాడు దీన్ని వేట తుపాకీ అన్నాడు.
వేటెక్కడిది ఇప్పుడు?
దుప్పి చట్టంలో ఉంది, కణితి జూలో ఉంది.
నాకు మిగిలింది ఒక అట్టముక్క,
దాని మీద అయిదు నల్ల వలయాలు,
యాభై మీటర్ల అవతల ఎర్రమట్టి కట్ట.

ఎందుకమ్మా నీకిది, అని
లైసెన్సు ఆఫీసులో రెండేళ్ళు అడిగారు.
ఊరందరికీ దూరం చూపించాను కదా,
నేనూ ఒకసారి చూద్దామని.
అది రాయడానికి ఫారంలో గడి లేదు.
"క్రీడ" అని రాశాను.

నేర్పేది ముద్దప్ప గారు, కొడగు మనిషి, మాజీ సుబేదార్.
తుపాకీని రెండు చేతులా అందుకుని
ముందు దాని బరువు విన్నాడు.
"మా ఇంట్లో ఏడాదికోసారి దీనికి పూలు పెడతాం,
ఆ తర్వాతే మాకు భోజనం."
ఇసుక మూట మీద ఆనించి, నన్ను కూర్చోబెట్టి
"స్కోపుకీ కంటికీ నాలుగు వేళ్ళ ఎడం" అన్నాడు.

అద్దానికీ కంటికీ మధ్య దూరం
నాకు చెప్తాడా?
పన్నెండు మిల్లీమీటర్లు.
ఇరవై రెండేళ్ళుగా ముక్కుల మీద నేను కొలిచిన లెక్క.
నల్లటి అంచు పోయేదాకా,
బొమ్మ నిండుగా వచ్చేదాకా
కొంచెం, ఇంకొంచెం ముందుకి జరిగాను.

పేల్చింది నేను.
కొట్టింది అది.

కనుబొమ మీద వెచ్చగా ఏదో కారింది.
ముద్దప్ప గారి చొక్కా జేబులో ప్లాస్టరు
ముందే కత్తిరించి ఉంది.
"అందరికీ పెడుతుంది ఈ సంతకం" అన్నాడు,
నా నెలవంక మీద అంటిస్తూ.

తర్వాతి నాలుగూ అట్ట మీద తలో దిక్కు.
ఒకటి అట్టకే తగల్లేదు.
ఒక్కో తూటా ఒక ఫ్రేము ఖరీదు.
"స్కోపు మర తిప్పుదామా?" అన్నాను.
"ముందు మిమ్మల్ని తిప్పుదాం."

నన్ను అటు చూడమని తనే తూటా పెట్టాడు.
ఇటు తిరిగాను. ఊపిరి సగం వదిలాను.
గీతల కూడలి నలుపు మీద నిలిచింది.
మెల్లిగా, మెల్లిగా వేలు.

టక్.

అంతే. పొగ లేదు, మోత లేదు. ఉత్త తూటా.
అయినా గొట్టం ముక్కు కిందికి దిగింది,
భుజం ఎదురెళ్ళింది,
కన్ను గట్టిగా మూసుకుంది.
ఏమీ జరగని చోట
నేను నిలువునా అదిరాను.

ముద్దప్ప గారు నవ్వలేదు.
"నిధాన" అన్నాడు, కన్నడంలో.
ఏది ఉత్తదో ఏది నిండుదో చెప్పకుండా
పదిహేనుసార్లు పెట్టాడు.
తొమ్మిదోసారికి కాబోలు
నా భుజం అడగడం మానేసింది.

చివరి మూడూ ఒకదాని పక్కన ఒకటి,
అరచేతితో మూసేయచ్చు.
వలయాలకి కుడిపక్క, కిందుగా.
తప్పే, కానీ ఒకే తప్పు.
"ఇప్పుడు తిప్పండి."
ఎడమకి ఇరవై ఒకటి, పైకి పద్నాలుగు.
వేలి కింద చిన్న చిన్న పావు మెట్లు.
ఇది నాకు తెలుసు.
పావు పవరు ఎక్కువా తక్కువా అని
రోజంతా తూచే చెయ్యి నాది.
గోడ మీది అక్షరాలు జనం చేత చదివిస్తాను.
ఆ పూట గోడే నన్ను చదివింది.

సోమవారం పొద్దున్నే ఒక బ్యాంకు గుమాస్తా,
కంటి ఒత్తిడి చూపించుకోవడానికి.
"నుదుట అదేంటి మేడమ్?"
"కాస్త దగ్గరగా చూశాను."
గడ్డం యంత్రం మీద ఆనించమన్నాను.
నేను మీట నొక్కాలి,
సన్నగా గాలి వచ్చి కంటిని తాకాలి.

గాలి ఇంకా రాలేదు.
అతను కన్ను మూసేశాడు.

ఇన్నేళ్ళూ విసుక్కునేదాన్ని.
మీట మీంచి వేలు తీసి
"నిధాన" అన్నాను.