బల్లార్షా అన్న

సిరొంచలో ఆరింటికి కరెంటు పోతుంది,
నా ట్యూషన్ అప్పుడే మొదలవుతుంది.
తొమ్మిది మంది పిల్లలు, ఒక ఛార్జింగ్ లైటు.
బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు,
నా దగ్గర నెలకు రెండు వందల ఇంగ్లీషు.

ఈ రోజు పాఠం కామా.
బడిలో దాన్ని స్వల్పవిరామ్ అంటారు,
మా గట్టయ్య తోకకప్ప అన్నాడు, అదే ఖాయమైంది.

చెప్పాను: వాక్యం నడుస్తూ నడుస్తూ
పక్కకు తిరిగి ఓ మాట చెప్పి
మళ్లీ తన దారి పడుతుంది.
ఆ మాటకు ముందొక తోకకప్ప, వెనకొకటి.
రెండోది మరిచారో,
పడవెక్కి అవతలి రేవు మరిచినట్టే.
వంతెన మీద బైకుల్లో తిరిగే పిల్లలు,
ఉదాహరణ పారలేదు.

బోర్డు మీద రాశాను:
మై బ్రదర్, హూ వర్క్స్ ఇన్ బల్లార్షా, సెండ్స్ మనీ.
నడిమి ముక్కను అరచేత్తో మూశాను.
చూశారా, ఇది తీసేసినా వాక్యం నిలబడుతుంది.
కామాలుంటే ఉన్న అన్న ఒక్కడే.
లేకపోతే ఇంకో అన్న కూడా ఉన్నట్టు,
ఏ అన్నో గుర్తు పట్టడానికి
బల్లార్షా అన్న అని చెప్పినట్టు.
ఎవరూ వినలేదనే అనుకున్నాను.

జాడి సారిక నోటుబుక్కులో కామాలు లేవు.
రబ్బరుతో రుద్దిన రెండు చోట్ల
కాగితం ఉల్లిపొర అయింది.
ఎర్ర పెన్ను తీశాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరే చెప్పిండ్రు గద సార్,
పెడితె అన్న ఒక్కడే అయితడని."

పెద్దోడు తిరుపతి బల్లార్షా మిల్లులో ఉన్నాడు.
నడిపోడు పోశాలు
పోయిన వానల్లో వల తీసి రావడానికి ప్రాణహితకు పోయాడు.
వల దొరికింది, చేపలతో సహా.

మన మాటలో ఈ పేచీ లేదు.
బల్లార్షాల పని చేసే మా అన్న పైసలు పంపుతడు,
అంతే.
అన్నలెందరని ఆ వాక్యం ఎవరినీ అడగదు.
ఇంగ్లీషే, జనాభా లెక్కల వాడిలా
గుమ్మంలో నిలబడి తలలు లెక్కపెడుతుంది.

పెన్ను మూత పెట్టాను.
రైటే, అన్నాను.
గట్టయ్య లేచాడు, సార్ నాది తప్పయితె దానిదెట్ల రైటు అని.
నీకు అన్నలెంతమందిరా అంటే
నలుగురు అన్నాడు.
అయితే నీదీ చెరుపు.

కరెంటు వచ్చింది, అందరూ కళ్లు చికిలించారు.
వచ్చే వారం కాలాలు చెప్పాలి,
హావ్, హాడ్.
ఉదాహరణలన్నీ
మేకల మీదే ఇవ్వాలి.