సరస్వతాకు

రాత్రి రెండింటికి ఏరియేటర్ ఆగితే
ముందు నా గుండెకే తెలుస్తుంది.
రొయ్య ఊపిరికి పైకి తేలకముందే
గట్టు మీద నేను
నోరు తెరుచుకుని నిలబడి ఉంటాను.

అమలాపురం డాక్టరు మాత్ర రాశాడు.
వేసుకుంటే నిద్ర పడుతుంది.
చెరువు కాపలావాడికి నిద్రేమిటి?

నూకరత్నం పిన్ని నాడి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.
"సరస్వతాకు తేరా గుప్పెడు, పాలల్లో కాచిస్తాను.
మీ గట్ల మీదేగా, కాళ్ళకింద పడుండేది."

ఉండేది.
వరి ఉన్నన్నాళ్ళూ.
ఉప్పునీళ్ళు తోడించిన ఏడాదే గట్టు తెల్లగా పొరలేసింది.
ఆ కాగితం మీద వేలిముద్ర ఎవరిదో కాదు.

లాకుల దాకా సైకిలు తొక్కాను.
తూము పక్కన, మంచినీళ్ళు చెమ్మగిలే చోట,
చెవి తమ్మెలంత ఆకులు, నేలకు అతుక్కుని.
మేత వాసన కొట్టే చేతులతో
వంగి, ఒక్కొక్కటే తుంచాను.
ఎంతసేపైందో చూసుకోలేదు.

చేదు. పాలు కూడా కమ్మేయలేని చేదు.
తగ్గిందా అంటే, ఏమో.

వేరుతో తెచ్చిన ఒక తీగని
కోసిన క్లోరిన్ డబ్బాలో నాటి
షెడ్డు గుమ్మంలో పెట్టాను,
తాగే నీళ్ళే పోస్తున్నాను.

ఇప్పుడు కరెంటు పోతే
టార్చి ముందు దాని మీదికే వెళుతోంది.
బతికుందా అని.