మూడో పాదం దగ్గర

బోర్డు మీద అంకెలు ఇంకా నువ్వు పెట్టినవే, మైరిగ్.
తీద్దామని రెండుసార్లు కుర్చీ దాకా వెళ్ళాను.
మోకాళ్ళ నొప్పులని గ్లెనిస్‌తో చెప్పాను.

మన చర్చిలో ఆరంకె ఎప్పుడో పోయింది.
ఎలుక ఎత్తుకుపోయిందని నువ్వు,
పాత పాస్టరు గారు జేబులో వేసుకుని
ఊరు మారిపోయారని నేను.
ఇరవై ఏళ్ళుగా తొమ్మిదినే తలకిందులు చేసి
ఆరనిపిస్తూ వచ్చావు.
"ఆయనకి ఏ వైపు నుంచైనా కనబడుతుందిలే" అనేవాడివి.

గనిలో ముప్ఫై నాలుగేళ్ళు
కొండని పొరలు పొరలుగా ఒలిచావు.
ఆ పలకలు ఎవరెవరి ఇళ్ళకో కప్పులయ్యాయి,
ఎక్కడెక్కడి పిల్లలో వాటి మీద అక్షరాలు దిద్దుకున్నారు.
పొడి మాత్రం నీకు మిగిలింది.
డాక్టరు ఎక్స్‌రే చూపిస్తే
"మా కొండేనండీ, గుర్తుపట్టాను" అన్నావట.

ఆ ఊపిరితోనే పాడేవాడివి,
కూర్చున్న బల్ల చెక్క అదిరేలా, మంద్రంగా.
మొదటి పాదం నీది. రెండోదీ నీదే.
మూడోదాని నడుమ
ఛాతీలో దారి మూసుకుపోయేది.
నేను కాలి హార్మోనియం దగ్గర
అద్దంలో నీ భుజాలు చూస్తూ ఉండేదాన్ని.
అవి పైకి లేవగానే
ఒక్క స్వరాన్ని సాగదీసి పట్టుకునేదాన్ని,
మెట్ల మధ్యలో ఆగినవాడికి
కమ్మీ అందించినట్టు.
నీకు గాలి అందేది.
పాట మళ్ళీ కదిలేది.

దీని గురించి మనం ఒక్కనాడూ మాట్లాడుకోలేదు.
"నెస్టా గారూ, అక్కడ తాళం జారుతోంది" అని
కొత్త పాస్టరు గారంటే
"వయసండీ" అన్నాను.
వెనక బల్లలో నువ్వు దగ్గావు.
అది దగ్గు కాదు.
ఆ సాయంత్రం నా గుమ్మంలో
మూడు కట్టల ఉల్లికాడలు,
మన్నైనా దులపకుండా.

బెథాన్ ఉన్నప్పుడూ, ఆమె పోయాకా
నీకూ నాకూ మధ్య ఉన్నది అంతే:
ఒక స్వరం నిడివి.
అంతకంటే ఎక్కువ అడగాలని
నాకు తోచలేదు. నిజంగానే తోచలేదు.

మంచు పడి ఆ ఆదివారం ఆరాధన జరగలేదు.
గురువారం వాన, అడ్డంగా.
నిన్ను ఆరుగురు మోసుకొచ్చారు
(అదిగో, దొరికింది మన ఆరు, అనుకున్నాను.
నవ్వు ఆపుకోవడానికి చేతిగుడ్డ వెతుక్కున్నాను).
బోర్డు చూసి అందరూ పుస్తకాలు తెరిచారు.
నాలుగు వందల పంతొమ్మిది.
పంటకోతల కృతజ్ఞతా కీర్తన.
ఫిబ్రవరిలో!
నాలుగు వందల పదహారు కావాలి అది,
సాయంకాలపు ప్రార్థన.
తొమ్మిదిని తిప్పడం మరిచిపోయావు, మహానుభావా.
పాస్టరు గారు నా వంక చూశారు.
నేను తొక్కడం మొదలుపెట్టాను.
తడిసిన నల్లకోట్లతో నిలబడి
నిండిన గాదెల గురించి పాడాం.

మూడో పాదం.
చూడకూడదనుకుంటూనే అద్దంలో చూశాను.
భుజాలు లేవు.
సరే, ఈసారైనా తాళంలో వెళ్దామని
ఆగకుండా తొక్కాను.
నా స్వరం ఒక్కటే ముందుకెళ్ళింది.
వెనక అంతా నిశ్శబ్దం.
పాలుపోసే ఇద్రిస్, గ్లెనిస్, ఆమె చెల్లెలు,
చెవులు వినబడని ఇఫోర్ కూడా
నోళ్ళు తెరిచి, ఊపిరి బిగబట్టి
సరిగ్గా అక్కడే ఆగి ఉన్నారు,
నువ్వు ఊపిరి పీల్చుకునే దాకా.

అందరికీ తెలుసన్నమాట.
ఇన్నేళ్ళూ.

వెనక్కొచ్చాను.
ఆ స్వరాన్నే పట్టుకుని
తిత్తిలో గాలి అయిపోయేదాకా ఉన్నాను.

అంకెలు ఉండనీ.
ఏం పాడాలో పాస్టరు గారు నోటితో చెబుతున్నారులే.
నీ పెరట్లో ఉల్లికాడలింకా నేలలోనే ఉన్నాయి.
శనివారం వచ్చి పీకుతానన్నాడు ఇద్రిస్.
మన్ను దులపొద్దని చెప్పాను.