పదకొండో బెడ్డు పక్క స్టూలు

కర్నూలు పెద్దాసుపత్రి ఐసీయూలో
కూర్చునేదానికి ఏమీ ఉండదు.
పన్నెండేండ్లుగా నిలబడే ఉన్నా.

ఇంట్లో కుక్కర్ కూతేస్తే
నా చెయ్యి గోడ మీద అలారం బటన్ వెతుకుతాది.
పాపను ఎత్తుకుంటే ఊపిరి లెక్కపెడతా,
ముద్దు పెట్టడం మర్చిపోతా.
పోయిన ఎండాకాలం నుంచి ఏడుపు రావడం లేదు.
బాగానే ఉందిలే అనుకున్నా.

పదకొండో బెడ్డు ఉరుకుందప్ప,
బేతంచెర్లలో రాళ్లు కోసిన మనిషి.
మిషను గాలి కొడుతోంది
లోపల పేరుకున్న దుమ్ము మీదికి.
చెయ్యంతా కమిలిపోయినా
సూదికి ఇంకో చోటు వెతుకుతున్నా.

కింది వార్డు నుంచి షాహిదా మేడం వచ్చింది.
నొప్పి తగ్గించే డాక్టరు.
మావాళ్లు చాటుగా ఆఖరి డాక్టరంటారు.
వస్తూ వస్తూ ప్లాస్టిక్ స్టూలొకటి తెచ్చుకుంది.
కేసు షీటు తెరవలేదు.
"ఏ రాయి కోయడం కష్టమప్పా?"
"నల్లది," అన్నాడు మాస్కులోంచి.
వారంలో అదే మొదటి మాట.

సూదులు ఆపినాం. నాలుక కింద మార్ఫిన్.
పెండ్లాన్ని లోపలికి రానిచ్చినాం.
అలారం గొంతు నేనే నొక్కినా.
నాలుగున్నరకు పోయినాడు,
మా అరచేతుల కింద పక్కటెముకలు విరగకుండా.

టైం రాసి కదలబోతే
మేడం స్టూలు నా వైపు జరిపింది.
"కూర్చో, సువార్తా."
ఏం చెప్పాలో తెలీక అతని పేరు చెప్పినా.
తర్వాత మూడో బెడ్డు పిల్లగాని పేరు.
తర్వాత కరోనా నాటివి,
ఒక్కొక్కటీ, గుర్తున్నంత వరకు.

ఆరింటికి కొత్త కేసు.
అడ్డమని ఆయా స్టూలు తీయబోతే వద్దన్నా.
తిరిగినప్పుడల్లా మోకాలికి తగులుతోంది.
తగలనీ.